పరదేశపు ఎండ, పెరట్లో తొలకరి

వేసవి సెలవులనగానే మనకు ఏప్రిల్, మే నెలలు గుర్తుకొస్తాయి. మామిడికాయ పచ్చళ్ళు, డాబాలపై పడకలు, మధ్యాహ్నం వేళ మూసిన తలుపులు, సాయంత్రం అస్ర్ నమాజు తరువాత వీధిలో పిల్లల కేకలు. కాని మన వరంగల్‌లో మరో రకం వేసవి సెలవులు కూడా ఉన్నాయి. అవి జూలైలో మొదలై ఆగస్టు చివర ముగుస్తాయి. మండి బజారు, కరీమాబాద్, మట్టెవాడ, కాజీపేట వీధులలో శంషాబాద్ విమానాశ్రయం నుండి వచ్చిన కార్లు ఆగుతాయి. కారు పైన తాళ్ళతో కట్టిన పెట్టెలు, లోపల నిద్రమత్తులో ఉన్న పిల్లలు. జిద్దా, రియాద్, దమ్మామ్, దుబాయి, కువైట్, దోహాలలో ఉద్యోగం చేసుకుంటున్న మనవారి కుటుంబాలివి.

గల్ఫ్ దేశాలలోని భారతీయ పాఠశాలలకు సాధారణంగా సెలవులిచ్చేది ఈ రోజులలోనే. అక్కడ ఎండలు ముదిరేది అప్పుడే గనుక వారి లెక్క వారికి సరైనదే. మన రాష్ట్రంలో మాత్రం బడులు జూన్ రెండో వారంలోనే తెరుచుకుంటాయి. అందువల్ల వింత ఏమిటంటే, పరదేశం నుండి వేసవి సెలవులకని వచ్చిన పిల్లలకు ఇక్కడ ఎదురయ్యేది వానాకాలం. ఆడుకుందామంటే చాచా పిల్లలు, ఖాలా పిల్లలు బడికి వెళ్ళిపోయి ఉంటారు. నానమ్మ, తాత, తడిసిన పెరడు మాత్రం తీరిగ్గా ఉంటాయి. నలభై, యాభై రోజుల ఈ గడువును మన కుటుంబాలు ఎలా వాడుకుంటున్నాయి, ఎలా వాడుకోవచ్చు అన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

అక్కడి వేసవి

ముందు అక్కడి సంగతి చూద్దాం. ఎండ మనకు కొత్త కాదు. మే నెలలో మన ఊరూ నిప్పులు కురుస్తుంది. అయితే గల్ఫ్ ఎండ తీరు వేరు. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదయింది. భూమి మీద నమ్మకంగా కొలిచిన అత్యధిక ఉష్ణోగ్రతలలో అది ఒకటి. సముద్రం ఒడ్డునున్న జిద్దా, దుబాయిలలో దీనికి తోడు ఉక్కపోత. సౌదీలో ప్రతి యేటా జూన్ 15 నుండి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుండి 3 గంటల వరకు ఎండలో ఆరుబయట పని చేయించరాదన్న నిబంధన ఉంది. కువైట్‌లో జూన్ 1 నుండి ఆగస్టు చివరి వరకు ఉదయం 11 నుండి సాయంత్రం 4 వరకు ఆ నిషేధం. కతర్ 2021లో ఈ గడువును ఇంకా పెంచి, ఉదయం 10 నుండి మధ్యాహ్నం మూడున్నర దాకా చేసింది.

అంత ఎండలోనూ మన ఇల్లాళ్ళు మొక్కను వదలరు. ఫ్లాటు బాల్కనీలో నాలుగు కుండీలు, ఖాళీ అయిన నూనె డబ్బాలు, పెరుగు బకెట్లు. వాటిలో కరివేపాకు, పుదీనా, కొత్తిమీర, గోంగూర. అక్కడి సేద్యపు క్యాలెండరు మనదానికి పూర్తిగా తలకిందులు. మనం తొలకరికి విత్తితే వారు ఎండలు తగ్గాక, అక్టోబరులో విత్తుతారు. టమాటా, మెంతి, కొత్తిమీర చలికాలమంతా కాచి, ఏప్రిల్ వచ్చేసరికి అలసిపోతాయి. మే నుండి సెప్టెంబరు దాకా తట్టుకునేవి కొద్దే. అరబ్బులు బామియా అని పిలిచే మన బెండకాయ వాటిలో ఒకటి. కరివేపాకును గోడ నీడకు జరిపి, ఏసీ గొట్టం నుండి కారే నీటిని బకెట్లో పట్టి పోస్తారు. సముద్రపు నీటిని శుద్ధి చేసి కుళాయిలకు పంపే దేశాలలో నీటి చుక్క విలువ మన ఆడవారికి చెప్పనక్కరలేదు. అంత జాగ్రత్తగా పెంచిన మొక్కను సెలవులకు వస్తూ పక్కింటి వారికి అప్పగించి వస్తారు. ఆ పక్కింటి వారు కేరళ వారో, పాకిస్తాన్ వారో, మిస్ర్ వారో అయి ఉంటారు. తిరిగి వెళ్ళేసరికి మొక్క బతికి ఉంటే ఆ రెండిళ్ళ స్నేహం బతికి ఉన్నట్టే.

చూడదగ్గ చోట్లు అక్కడా ఉన్నాయి. జిద్దాలో ఉండేవారు వేసవి సాయంత్రాలలో మక్కా మీదుగా హదా కొండదారి ఎక్కి తాయిఫ్ వెళతారు. 1,800 మీటర్లకు పైబడిన ఎత్తు గనుక అక్కడ గాలి చల్లగా ఉంటుంది. తాయిఫ్ గులాబీలు మాత్రం మార్చి, ఏప్రిల్ నెలల్లోనే పూస్తాయి. ఇంకా దక్షిణాన అబహా కొండలు 2,200 మీటర్ల ఎత్తున పచ్చగా ఉంటాయి. దమ్మామ్ వైపు వారికి అల్ అహసా ఒయాసిస్సు దగ్గర. 25 లక్షల ఖర్జూర చెట్లున్న ఆ ప్రాంతాన్ని 2018లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. ఒమాన్‌లోని సలాలా సంగతి మరీ విశేషం. జూన్ చివరినుండి సెప్టెంబరు దాకా అక్కడ జల్లులు పడి, కొండలన్నీ పచ్చబడతాయి. కొబ్బరి, అరటి తోటలు చూసి మన కోనసీమ అనుకుంటారు. మన పొలాలను తడిపే నైరుతి రుతుపవనాలే ఆ కొండలనూ తడుపుతాయి. ఆ రుతువును వారు ఖరీఫ్ అంటారు. మన రైతు నోట తరతరాలుగా నలిగిన ఖరీఫ్ పంట, రబీ పంట అనే మాటలు అరబీ నుండి వచ్చినవే. ఖరీఫ్ అంటే శరదృతువు, రబీ అంటే వసంతం. మాటలు కూడా మనుషుల్లాగే ప్రయాణం చేస్తాయి.

జిద్దా పాత నగరం అల్ బలద్‌ను 2014లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. పగడపు రాతి గోడలు, రోషన్ అని పిలిచే చెక్క కిటికీలు ఉన్న ఆ వీధుల్లో నసీఫ్ గారి ఇల్లు పేరుమోసింది. 19వ శతాబ్దం చివర కట్టిన ఆ ఇంటిని ఒకప్పుడు జిద్దాలో 'చెట్టున్న ఇల్లు' అనేవారు. నగరం మొత్తానికి చెప్పుకోదగ్గ చెట్టు అదే మరి. అది ఏ చెట్టనుకున్నారు? వేపచెట్టు! వేపకు పుట్టినిల్లు మన ఉపఖండం. హజ్ చేసి వచ్చిన పెద్దలను అడిగితే అరఫాత్ మైదానంలో వేపచెట్ల నీడ గురించి చెబుతారు. అక్కడ వేల సంఖ్యలో వేపలు నాటారు. మన పెరటి చెట్టు అరబ్బు నేలలో హాజీలకు నీడ పడుతోంది. మన మనిషికి కావలసిన ఇకామా, కఫీలు దానికి అక్కరలేకపోయాయి.

తోటలు ఎవరి చెమట?

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. బాల్కనీలో కుండీలు పెట్టుకుని, తాయిఫ్ చూసివచ్చే భాగ్యం గల్ఫ్ వెళ్ళిన అందరికీ లేదు. కుటుంబాన్ని తీసుకువెళ్ళే వీసా జీతాన్నిబట్టి, వృత్తినిబట్టి దొరుకుతుంది. మేస్త్రీలు, డ్రైవర్లు, ఇంటి పనివారు, బలదియా కూలీలు, వీరిలో ఎక్కువమంది రెండేళ్ళకొకసారి వచ్చి, రెండు నెలలుండి వెళ్ళిపోతారు. అరబ్బు నగరాల రోడ్ల నడుమ చలికాలంలో రంగురంగుల పూలు చూసి మనం ముచ్చటపడతాం. ఆ మొక్కలు నాటి, గొట్టాలు సరిచేసి, ఎండుటాకులు ఏరే చేతులలో తెలంగాణ పల్లెల చేతులు ఎన్నో ఉన్నాయి. పొలంలో నీళ్ళు లేక బయల్దేరిన రైతు అక్కడ ఎడారికి నీళ్ళు పెడుతున్నాడు. తన పెరట్లోని జామచెట్టు కాపు మాత్రం ఫోనులో చూసుకుంటున్నాడు.

కుటుంబాలతో ఉన్నవారికీ నిలకడ తక్కువే. 2017 జూలై నుండి సౌదీ ప్రభుత్వం విదేశీ ఉద్యోగుల కుటుంబ సభ్యులపై తలకు నెలకు 100 రియాళ్ళ రుసుము విధించింది. అది ఏటా వంద చొప్పున పెరిగి 2020 నాటికి 400 అయింది. భార్య, ముగ్గురు పిల్లలున్న ఇంటికి లెక్క వేయండి. నలుగురికి నెలకు 1,600, ఏడాదికి 19,200 రియాళ్ళు. జీతం పెరగనివారు ఏం చేస్తారు? భార్యాపిల్లలను స్వదేశానికి పంపి, తాము గదులలో సర్దుకున్నారు. ఆ యేళ్ళలో మన ఊరి బడులలో మధ్యలో చేరిన పిల్లలు చాలామంది అలా వచ్చినవారే. సెలవులకని వచ్చి ఉండిపోయినవారు కూడా ఉన్నారు. 2018లో మన రాష్ట్రం పదో తరగతి వరకు తెలుగును తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. అక్కడ హిందీయో, అరబీయో చదువుకుని వచ్చిన పిల్లవాడు ఇక్కడ అ, ఆల దగ్గర ఆగిపోయాడు. ఇంట్లో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు, బజారులో తెలుగు. మూడింటిలో ఒక్కటీ పూర్తిగా తనది కాదు. ఆ పిల్లవాడిని మీ ఊరేది అని అడిగి చూడండి. జవాబు చెప్పడానికి ముందు తల్లి ముఖం వైపు చూస్తాడు.

కనుక జూలై, ఆగస్టు సెలవులు ఊరికే కాలక్షేపం కాదు. పిల్లలకు తమ ఊరు తమదనిపించేలా చేయడానికి తల్లిదండ్రులకు దొరికే గడువు ఏడాదిలో అదొక్కటే. రేపు ఏ కారణం చేతనైనా తిరిగి రావలసి వస్తే, ఆ పిల్లలు పరాయి ఊరికి వస్తారా, తమ ఇంటికి వస్తారా అన్నది ఈ నలభై రోజులలో తేలుతుంది.

పరదేశి నాటిన చెట్టు

పరదేశికీ, మొక్కకూ ఉన్న బంధం ఇస్లామీ చరిత్రలో చాలా పాతది. హజ్రత్ ఇబ్రాహీం (అలై) తన కుటుంబాన్ని గడ్డిపోచ కూడా మొలవని లోయలో వదలి వెళుతూ, వారికి ఫలాలను ప్రసాదించమని అల్లాహ్‌ను వేడుకున్నారు. కుటుంబాన్ని ఒకచోట, తమను మరోచోట చూసుకునే తండ్రులందరికీ ఆ దుఆలో తమ మనసు కనిపిస్తుంది.

హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) గాథ మన పిల్లలకు తప్పక చెప్పవలసినది. ఆయన ఈరాన్ దేశీయుడు. సత్యాన్వేషణలో దేశాలు తిరిగి, మోసానికి గురై, బానిసగా అమ్ముడుపోయి మదీనా చేరారు. విముక్తి కోసం యజమాని పెట్టిన షరతు 300 ఖర్జూర మొక్కలు నాటి బతికించడం, దానితోపాటు 40 ఊఖియాల బంగారం చెల్లించడం. దైవప్రవక్త (స) సహచరులను సాయం చేయమన్నారు. ఒకరు ముప్పై మొక్కలు, ఒకరు ఇరవై, ఒకరు పది, ఎవరి శక్తి కొద్దీ వారు తెచ్చారు. సల్మాన్ (రజి) గుంతలు తవ్వారు. ప్రవక్త (స) స్వయంగా వచ్చి తమ శుభహస్తాలతో మొక్కలు నిలిపారు. వాటిలో ఒక్కటీ చావలేదని ఉల్లేఖనాలు చెబుతున్నాయి. పరాయి దేశంలో చిక్కుకున్న ఒక మనిషి స్వేచ్ఛ ఖర్జూర తోటగా మొలిచింది. ఊరంతా కలిసి ఆ తోటను నిలబెట్టింది.

చరిత్రలో ఇంకా కిందికి వస్తే బాబరు కనిపిస్తాడు. ఫర్గనా లోయలో పుట్టి, కాబూల్‌లో ఏలి, 1526లో హిందుస్తాన్ వచ్చినవాడు. ఆగ్రా ఎండ, దుమ్ము, పారే నీరు లేకపోవడం అతనికి నచ్చలేదు. యమున ఒడ్డున తోట వేయించి, బావి నుండి నీరు తోడించి కాలువలు పారించాడు. కాబూల్ నుండి వచ్చిన ఖర్బూజాను కోస్తే కళ్ళ నీళ్ళు తిరిగాయని తానే రాసుకున్నాడు. చివరకు ఆగ్రాలోనే ఖర్బూజా, ద్రాక్ష పండించుకుని తృప్తి పడ్డాడు. రాజ్యం గెలిచినవానికే పుట్టిన ఊరి పండు అంత గుర్తుంటే, జిద్దాలో గుమాస్తా పని చేసే మనవానికి గోంగూర గుర్తుండడంలో తప్పేముంది?

ఇటలీ దేశపు సిసిలీ దీవిలో పలెర్మో అనే నగరం ఉంది. 831లో ముస్లింలు దానిని గెలిచి రెండు శతాబ్దాలకు పైగా ఏలారు. కాలువలు తవ్వి, నీటి తొట్లు కట్టి నిమ్మ, నారింజ, చెరకు తోటలు పెంచారు. రాజ్యం నార్మన్ల చేతికి పోయాక కూడా ఆ తోటల పద్ధతి పోలేదు. హజ్ చేసి తిరుగు ప్రయాణంలో ఓడ దెబ్బతిని 1184 చివర సిసిలీ చేరిన అందలూసియా యాత్రికుడు ఇబ్నె జుబైర్ ఆ నగర శోభను వర్ణించాడు. అక్కడి జీసా అనే వేసవి సౌధానికి పేరు అజీజ్ అనే అరబీ మాట నుండి వచ్చింది. నీటి తొట్టిని నేటికీ సిసిలీ రైతు 'జెబ్బియా' అంటాడు. అది అరబీలో జాబియా. ఇటలీ వారి 'అరాంచా', అరబ్బుల 'నారంజ్', మన 'నారింజ' ఒకే మాటకు రూపాలు. దాని మూలం ద్రావిడ భాషలలోనే ఉందని భాషావేత్తలంటారు. మన నేలలో పుట్టిన మాట పండుతో పాటు ప్రయాణమై అరబ్బుల మీదుగా ఇటలీ చేరింది. అక్కడ పరదేశులుగా వచ్చి తోట వేసినవారు వెళ్ళిపోయి ఎనిమిది శతాబ్దాలు దాటింది. చెట్టూ, మాటా ఉండిపోయాయి.

నలభై రోజుల్లో ఏం పండుతుంది?

ఒక ముస్లిం నాటిన మొక్క నుండి మనిషిగాని, పక్షిగాని, పశువుగాని తిన్నదంతా అతని ఖాతాలో సద్ఖాగా జమ అవుతుందని ప్రవక్త (స) బోధించారు. ప్రళయం ముంచుకొస్తున్నా చేతిలో మొక్క ఉంటే, వీలైతే నాటివేయమన్నారు. దాని కాయ మనం తింటామా లేదా అన్న లెక్క ఇందులో లేదు. సెలవులకు వచ్చినవారికి ఇంతకంటే తగిన బోధన ఏముంది?

అల్లాహ్ దయవలన వారు వచ్చే కాలం మనకు నాటే కాలం. తల్లిదండ్రులు వచ్చిన మొదటి వారంలోనే పిల్లల చేత విత్తించాలి. ఆలస్యమైతే ఫలితం చూడకుండానే విమానమెక్కుతారు. మెంతికూర మూడు వారాలకు కోతకు వస్తుంది. తోటకూర నాలుగు వారాలకు. ఈ రెండూ పిల్లలు తమ చేతులతో కోసి, నానమ్మ చేత వండించుకుని తినవచ్చు. బెండ గింజ వేస్తే వెళ్ళేలోపు పూతా, ఒకటి రెండు కాయలూ చూస్తారు. బీర పాదు పెడితే పసుపు పూలు చూసి వెళతారు, కాయ ఇంట్లో మిగిలినవారికి. ఇందులోనూ పాఠముంది. కొన్ని మనకు, కొన్ని మన తరువాతివారికి.

పెరడున్నవారు ఒక చెట్టైనా నాటించాలి. జామ, నిమ్మ, దానిమ్మ, మునగ, కరివేపాకు, ఏదైనా సరే. ఈద్ ముందురోజు చేతులకు పెట్టుకోవడానికి గోరింట ఉంటే ఆడపిల్లలకు అంతకన్నా సంతోషం లేదు. రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు గుంత తీసి, పై మట్టిలో మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపాలి. మొక్క చుట్టూ నీరు నిలవకుండా మట్టి ఎగదోసి, ఊతంగా కర్ర పాతాలి. మేకల భయం మన వీధుల్లో ఉండనే ఉంది, ముళ్ళకంచె మరువరాదు. అపార్టుమెంట్లలో ఉన్నవారికి సిమెంటు సంచులు, కుండీలు చాలు. పిల్లల బట్టలకు మట్టి అంటుతుందని తల్లులు వెనక్కి లాగవద్దు. ఆ మట్టి కోసమే కదా ఇంత ఖర్చు పెట్టి వచ్చింది!

మొక్క నాటడంతో పని కాదు, దానిని అప్పగించి వెళ్ళాలి. నీళ్ళు పోసే బాధ్యత దాదాకో, చాచా కొడుక్కో పిల్లవాడే స్వయంగా అప్పగించాలి. అది అమానత్. నెలకొకసారి ఫోను చేసినప్పుడు, చదువు ఎలా ఉంది, ఒంట్లో ఎలా ఉంది అన్న మాటల తరువాత పలకడానికి ఏమీ లేక తాతా మనవలు మౌనంగా స్క్రీను చూసుకునే ఇళ్ళు మనకు తెలుసు. ఒకప్పుడు క్యాసెట్లలో మాటలు రికార్డు చేసి పంపుకున్న రోజుల్లో గంట క్యాసెట్టు సరిపోయేది కాదు. ఇప్పుడు ముఖాలు కనబడుతున్నా మాటలు దొరకడం లేదు. జామచెట్టు పూసిందా, ఉడుత కొరికిందా అని అడగడానికి ఒక చెట్టుంటే ఆ మాట తెగదు. ముసలివారికి కూడా పొద్దున్నే లేచి చూసుకోవలసినది ఒకటి ఉంటుంది.

ఊరు చూపించండి

సెలవులకు వచ్చిన మన కుటుంబాలు చూసేవి ఎక్కువగా హైదరాబాదు దుకాణాలు, పెళ్ళి విందులు. పిల్లలు దుబాయి మాళ్ళు చూసినవారు, మన మాళ్ళు వారికి ఏం ఆనతాయి? అక్కడ లేనిది చూపించాలి. భూమి మీద సంచరించి గత జాతుల పర్యవసానం గమనించమని దివ్య ఖురాన్ పలుచోట్ల ఆదేశిస్తోంది. దానికి వరంగల్ కంటే మంచి బడి దొరకదు.

కోటకు తీసుకువెళ్ళండి. కాకతీయుల నాలుగు శిలా తోరణాలు, మట్టికోట, రాతికోట, కందకం చూపించండి. 1323లో ఢిల్లీ సేనలు ఉలుఘ్ ఖాన్ నాయకత్వంలో ఈ కోటను గెలిచి, ఊరికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టిన సంగతి చెప్పండి. ఆ ఉలుఘ్ ఖానే తరువాత ముహమ్మద్ బిన్ తుగ్లక్. తోరణాల నడుమనున్న ఆలయం శిథిలమైందని కూడా దాచకుండా చెప్పండి. ముస్లిం పేరున్న రాజు చేసిందంతా ఇస్లాం కాదని పిల్లలకు తెలియవలసింది ఇలాంటి చోటే. పక్కనే ఏటవాలు గోడలతో, కమానులతో ఖుష్ మహల్ నిలిచి ఉంది. సుల్తాన్‌పూర్ అన్న పేరు నిలువలేదు. ఓరుగల్లు నిలిచింది. 2014లో ఏర్పడిన తెలంగాణ తన రాజముద్రలో చార్మినారునూ, కాకతీయ తోరణాన్నీ కలిపి పెట్టుకున్నది. మన పిల్లవానికి రెండూ సొంతమే.

హన్మకొండలో 1163 నాటి వేయి స్తంభాల గుడి, పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి ఉన్నాయి. రామప్పకు 2021లో ప్రపంచ వారసత్వ హోదా లభించింది. మన విశ్వాసం మనది. అయినా రాతిని దారంలా చెక్కిన పనివాడి నైపుణ్యం చూసి, ఆ నైపుణ్యాన్నిచ్చిన సృష్టికర్తను స్తుతించడానికి అడ్డేముంది? తోటివారి పవిత్రస్థలంలో ఎలా మెలగాలో కూడా పిల్లలు అక్కడే నేర్చుకుంటారు. రామప్ప చెరువు, పాఖాల, లక్నవరం ఇవన్నీ ఆ కాలపు పాలకులు వాన నీటిని పట్టి ఉంచడానికి కట్టినవి. ఎనిమిది వందల ఏళ్ళుగా పొలాలను తడుపుతున్నాయి. శుద్ధి చేసిన సముద్రపు నీరు తాగి పెరిగే పిల్లలకు, వాన ఎలా అన్నమవుతుందో చూపించడానికి ఆగస్టులో నిండిన చెరువు గట్టు చాలు.

కొత్తవాడ వెళ్ళి మగ్గం చూపించండి. వరంగల్ తివాచీలు 1851లో లండన్ మహా ప్రదర్శనకు వెళ్ళి పేరు తెచ్చుకున్నాయి. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. గల్ఫ్‌లోని మిత్రులకు కానుకగా ఏం తీసుకువెళ్ళాలని ఆలోచించేవారికి, మన పనివాడి చేతి జంపఖానా కంటే మంచిదేముంది? కాజీపేట కూడా చూపించండి. రైల్వే జంక్షనుగానే కాదు, హజ్రత్ సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ (రహ్మతుల్లాహి అలైహ్) విశ్రమించిన చోటుగా కూడా ఆ పేరు పిల్లలకు తెలియాలి.

కొన్ని జాగ్రత్తలు

తిరుగు ప్రయాణంలో సామాను సర్దేటప్పుడు తల్లులు ఒకటి గుర్తుంచుకోవాలి. మనం కూరల్లో వాడే గసగసాలు సౌదీ, ఎమిరేట్స్ వంటి దేశాలలో మాదక ద్రవ్యం కింద లెక్క. మసాలా పొట్లంలో చిన్న మూట ఉన్నా విమానాశ్రయంలో అరెస్టు దాకా వెళ్ళవచ్చు. విత్తనాలు, మొక్కలు, మట్టి తీసుకువెళ్ళడానికి కూడా ప్రతి దేశానికీ నియమాలున్నాయి. తెలుసుకోకుండా గోంగూర గింజలు పెట్టెలో వేయరాదు. ఎవరో ఇచ్చిన మూసిన పొట్లం బంధువుదైనా సరే, విప్పి చూడనిదే తీసుకోరాదు.

బంధువులకూ ఒక మాట. పరదేశం నుండి వచ్చినవారి పెట్టెలు తెరిచేవరకు ఆగి, తెరిచాక లెక్కపెట్టే అలవాటు మనలో ఉంది. ఆ పెట్టెల వెనుక జూలై టిక్కెట్ల ధర ఉంది. ఫీజులున్నాయి. తాను రాలేక గదిలో ఒంటరిగా వండుకు తింటున్న తండ్రి ఉన్నాడు. భార్యాపిల్లలను రెండు నెలలకు పంపి, తాను పదిహేను రోజుల సెలవుకైనా నోచుకోనివారు ఎందరో. సెంటు సీసా అందలేదని అలిగేవారు ఆ మనిషిని ఒకసారి తలచుకోవాలి. ఆయన పేరు మీద ఒక మొక్క నాటి, ఫొటో తీసి పంపండి. ఏ కానుకకూ రాని సంతోషం ఆయనకు అందులో కలుగుతుంది.

ఈ వ్యాసం చదివే కుటుంబాలలో గల్ఫ్‌తో సంబంధం లేనివి కొద్దిగానే ఉంటాయి. కొడుకో, అల్లుడో, తమ్ముడో అక్కడ ఉంటాడు. ఈసారి వారు వచ్చే తేదీ తెలియగానే విందుల లెక్కతోపాటు పెరటి లెక్క కూడా వేయండి. గుంత ముందే తీసి, ఎరువు వేసి ఉంచండి. పిల్లవాడు వచ్చిన రెండో రోజే మొక్క చేతికివ్వండి. ఆ చెట్టు పేరేమిటో తెలుగులోనూ, ఉర్దూలోనూ చెప్పించండి. ఆ పిల్లవాడు పెద్దవాడై ఏ దేశంలో స్థిరపడినా, తాను నాటిన చెట్టు ఒకటి వరంగల్‌లో ఉందని అతనికి తెలిసి ఉండాలి. దూరాన ఉన్నవారినందరినీ అల్లాహ్ క్షేమంగా ఇళ్ళకు చేర్చుగాక. వారు నాటిన ప్రతి మొక్కలో బరకత్ ప్రసాదించుగాక. ఆమీన్.